గోడ గరుకు, బండ నునుపు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు చాలామంది టీవీ వెనక గోడకు టెక్స్చర్ పెయింట్ వేయిస్తున్నారు. తప్పేం లేదు. కానీ ఆ ఒక్క గోడతోనే టెక్స్చర్ ఐపోయిందనుకోవడమే మొదటి అపోహ. కంటికి, చేతికి తెలిసే గరుకు, నునుపు, మందం అన్నీ టెక్స్చరే. నేలంతా మెరిసే టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, అద్దాల బీరువాలు ఉన్న హాల్లో మాట గంగుమని మోగుతుంది. అక్కడ ఒక చాప, ఒక మందపాటి నేత పరదా, పలమనేరు మట్టిపాత్ర, మాధవమాల చెక్క బొమ్మ పెట్టి చూడండి. మోత తగ్గేది చాపతో, పరదాతో. మట్టి, చెక్క పక్కన చేరాకే నునుపుకూ అందం వస్తుంది.

అపోహ: పగుళ్లు, చెమ్మ టెక్స్చర్ కింద దాగిపోతాయి.

వాస్తవం: వెంట్రుకంత పగుళ్లు దాగుతాయి. చెమ్మ దాగదు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2021 నవంబరు వరదలను తిరుపతి ఇంకా మరచిపోలేదు. మిద్దె కారి గోడలోకి దిగిన నీరు బయటికి రావాలని చూస్తుంది. మీద ప్లాస్టిక్ పొరలాంటి రంగు ఉంటే దాన్ని బుడగల్లా ఉబ్బించి, ఉప్పు పేర్చి, చివరికి పెచ్చులుగా ఊడదీస్తుంది. మామూలు రంగైతే గీకి మళ్లీ వేయవచ్చు. టెక్స్చర్‌ను గీకించడం వేయించినంత పని. ముందు కారడం ఆపండి, గోడను బాగా ఆరనివ్వండి, ఆ తర్వాతే రంగు మాట.

అపోహ: సున్నపు పూత పాతకాలపు బలహీనమైన పని.

వాస్తవం: చంద్రగిరి కోటలో రాజమహల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. విజయనగర కాలపు ఆ మూడంతస్తుల మేడను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిలా గట్టిపడుతుంది, లోపలి చెమ్మ ఆవిరై పోవడానికి దారి ఇస్తుంది. తెలిసిన మేస్త్రి కావాలి, ఆరడానికి ఓపిక కావాలి. దాని మీద మళ్లీ ప్లాస్టిక్ రంగు పూస్తే మాత్రం ఆ గుణమంతా వృథా.

గరుకు గోడకు దుమ్ము పడుతుందనే మాట సగం నిజం. లోతైన అడ్డగీతల్లో నిలుస్తుంది, సన్నటి నిలువు గీతల్లో అంతగా నిలవదు. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, నూనె జిడ్డు వదలదు. పాలిష్ గ్రానైటే అన్నిచోట్లా గొప్పదనీ అనుకోవద్దు. తడి మెట్ల మీద, స్నానాల గదిలో గరుకు బండే కాలికి పట్టునిస్తుంది.

లైటు సంగతి చాలామంది మరచిపోతారు. ఎదురుగా పడే వెలుగులో గరుకు గోడ చదునుగా కనిపిస్తుంది, పక్క నుంచి పడితేనే నీడలు తేలి అందం తెలుస్తుంది.

ఇక గోడకు వేలాడదీసే గుడ్డల సంగతి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ: పూలు, నెమళ్లు ఉన్న ప్రింటు ఏదైనా కాళహస్తి కలంకారీయేనని.

మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. అదీ గొప్ప కళే, దానికీ కాళహస్తి కలంకారీకీ వేర్వేరు భౌగోళిక గుర్తింపులున్నాయి. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. నూలు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు తీస్తారు. పటిక పెట్టిన చోట ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్యలో స్వర్ణముఖి పారే నీళ్లలో ఉతికేవారు. అచ్చు గీతలు ప్రతిచోటా ఒకేలా వస్తాయి. కలం గీత ఒకచోట లావెక్కుతుంది, ఒకచోట సన్నబడుతుంది. ఆ తేడాను లోపమని బేరమాడేవాళ్లున్నారు. నిజానికి మనం డబ్బిచ్చేది ఆ తేడాకే. ఈ కళకే కాళహస్తి కళాకారుడు గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఆ గుడ్డను పడమటి కిటికీకి పరదాగా కట్టకండి, నేరుగా పడే ఎండకు సహజ రంగులు వెలుస్తాయి. నీడపట్టున గోడకు వేలాడదీయండి. ఈసారి కాళహస్తి వెళ్లినప్పుడు దర్శనం కాగానే బస్సెక్కకుండా, కలంకారీ వేసే ఇంటికి వెళ్లి, వేసినవాళ్లనే అడిగి కొనండి.