మంచి బూజు, చెడ్డ బూజు

హిందూపురం బజారులో చింతపండు, బెల్లము, ఎండుమిరపకాయలు కానవచ్చుట వింత కాదు. పెనుకొండ, ధర్మవరం పరిసరములందలి ఎర్రనేలలలో వేరుసెనగ పండుటయు అందరెరిగినదే. ఈ నాలుగింటి రుచులును ఒకే బాణలిలో చేరు వంటకమొకటి ఇండొనేషియాలోని జావా ద్వీపమున కలదు. దాని పేరు 'కెరింగ్ టెంపే'. కెరింగ్ అనగా పొడిగా నుండునది. అయితే అందలి ముఖ్యవస్తువు ఈ నాలుగును కాదు. బూజు పట్టించిన సోయాచిక్కుడు గింజలు!

బూజు పట్టిన తిండిని మనము పారవేయుదుము. మరి జావావారు దానిని కోరి తినుట ఎట్లు?

సోయాగింజలను రాత్రి నానవేసి, పొట్టు తీసి, ఉడికించి, నీరు వార్చి ఆరబెట్టుదురు. నానునపుడు ఇడ్లీపిండి పులిసినట్లే కొంత ఆమ్లము పుట్టి, చెడు సూక్ష్మజీవులను అణచును. చల్లారిన గింజలకు రైజోపస్ అను బూజుయొక్క సిద్ధబీజములను కలిపి అరటియాకులలో చుట్టుదురు. సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒకటి రెండు రోజులకు తెల్లని తంతువులు అల్లుకొని, గింజలన్నియు ఒకే దిమ్మగా గట్టిపడును. ఇదియే టెంపే.

ఈ బూజు విడుదల చేయు ఎంజైములు మాంసకృత్తులను చిన్న అణువులుగా విడగొట్టును. కడుపుబ్బరము కలిగించు చక్కెరలు తగ్గును. ఇనుము వంటి ఖనిజములను శరీరమునకు అందనీయని ఫైటిక్ ఆమ్లమును తగ్గును. 100 గ్రాముల టెంపేలో సుమారు 19 గ్రాముల మాంసకృత్తులుండును.

వండునపుడు టెంపేను సన్నని ముక్కలుగా కోసి కరకరలాడునట్లు నూనెలో వేయింతురు. ముక్కలలో నీరు మిగిలినచో పాకము పలుచబడి, అవి మెత్తబడును. వేరొక బాణలిలో చిన్నయుల్లి, వెల్లుల్లి, మిరప వేయించి, చింతపండు రసము, తాటిజాతి చెట్ల బెల్లము, ఉప్పు చేర్చి చిక్కని పాకము పట్టుదురు. పిమ్మట ముక్కలను, వేయించిన వేరుసెనగపప్పును అందు కలుపుదురు. తేమ తక్కువ, తీపి ఎక్కువ అగుటచే ఇది కొన్ని దినములు నిలువయుండును. చక్కెరకు ఆ దేశపు మాటయైన 'గుల' మన సంస్కృత 'గుడ' శబ్దమునుండి పుట్టినదే.

ఇక రెండవ బూజు సంగతి. వేరుసెనగపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చని బూజు పెరిగి, అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించగలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోగా, కారణము వాటి దాణాలోని వేరుసెనగపిండి అని తేలినది. ఈ విషము కాలేయమును చెరచును; కాన్సరునకును దారితీయును. మామూలు వంటవేడికి నశింపదు. కాయ ఊరు సమయమున వాన లేక నేల వేడెక్కినచో పొలముననే ఈ బూజు సోకవచ్చును. కరవు తరచైన ఈ సీమకు ఇది చిన్న ముప్పు కాదు.

కావున కాయలను పెరికిన వెంటనే బాగుగా ఎండబెట్టి, గింజలలో తేమ నూటికి 8 పాళ్లకు మించకుండ చూడవలెను. ముడుతపడినవి, రంగు మారినవి, బూజు సోకినవి ఏరి పారవేయవలెను. వాటిని పశువులకును పెట్టరాదు. టెంపేలో పెరుగునది మనుష్యుడు ఎంచి నాటిన బూజు; నిలువయున్న గింజలపై తనంత తాను వచ్చినది అట్టిది కాదు. తెలుపును చూచి మంచిదని నమ్మి దానిని రుచి చూడరాదు.