‘అంకుర్’ నుంచి ‘సమర్’ దాకా: శ్యామ్ బెనగల్ తెర మీద కులం

సికింద్రాబాద్ తిరుమలగిరిలో 1934లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన శ్యామ్ బెనగల్ తెలంగాణ దొరతనాన్ని హిందీ తెరకెక్కించారు. బొంబాయిలో ప్రకటనల సినిమాలు తీస్తూ, సొంత కథ ‘అంకుర్’ పట్టుకుని నిర్మాత కోసం ఏళ్ల తరబడి తిరిగారు. అది 1974లో విడుదలైంది.

అందులో పట్నం చదువుల చిన్నదొర తనకు కులం పట్టింపు లేదంటాడు. పనిమనిషి లక్ష్మి చేతి టీ తాగుతాడు. ఆమె గర్భవతి అయ్యాక మొహం చాటేస్తాడు. మాట, వినికిడి లేని ఆమె భర్త కిష్టయ్యను కొరడాతో కొడతాడు. చేతి టీ తాగినంత మాత్రాన కులం పోదు, భూమి ఎవరిదో పెత్తనం వాళ్లదే అన్నది ఈ కథ సారం. చివర్లో గడీ మీద రాయి విసిరేది ఒక చిన్న పిల్లవాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘నిశాంత్’లో ఊరే దొరల మీద తిరగబడుతుంది.

దళితులపై దాడిని సూటిగా చూపింది ‘సమర్’. అశోక్ మిశ్రా రాసిన ఈ చిత్రానికి ఉత్తమ చిత్రంగా, ఉత్తమ స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డులు దక్కాయి. దళితుల కథ తీయడానికి ఒక సినిమా బృందం మధ్యప్రదేశ్ పల్లెకు వెళ్తుంది. ఊరి కులాన్ని చూపించబోయి, తమలోని కులాన్నే బయటపెట్టుకుంటుంది. దళిత పాత్ర వేస్తున్న దళిత నటుడికి షూటింగ్‌లోనూ అవమానం తప్పదు.

బెనగల్ దళితుడు కాదు. ఆ పరిమితిని దాచకుండా, కెమెరాను సినిమావాళ్ల వైపే తిప్పడం ‘సమర్’ బలం. 2024 డిసెంబర్ 23న ఆయన కన్నుమూశారు. దళితుల కథ రాసే కలం, తీసే కెమెరా ఎవరి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.