రుచి తెలియడం లేదా? ముక్కునడగండి!

"కూరలో ఉప్పు వేశావా అమ్మాయ్?"

"వేశానండీ అత్తయ్యా."

"మరి చప్పగా ఉందేం?"

ఈ మాటలు వినబడని ఇల్లుంటుందా? అత్తాకోడళ్ల వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, చాలాసార్లు ఇందులో ఇద్దరి తప్పూ ఉండదు. తప్పల్లా ముక్కుది!

నాలుకకు తెలిసిన రుచులు ఎన్నని? తీపి, పులుపు, ఉప్పు, చేదు. వీటికి తోడు 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా పేరు పెట్టిన 'ఉమామి'. కారం అసలు రుచే కాదట! మిరపలోని కాప్సాయిసిన్, వేడిని పసిగట్టే నరాలను రెచ్చగొడితే పుట్టే మంట అది. షడ్రుచుల వాళ్లం, మనకిది మింగుడుపడడం కష్టమే. ఇంగువ, యాలకులు, నేతి కమ్మదనం... ఇవన్నీ వాసనలే. నములుతున్నప్పుడు నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిరిని మనం రుచి అనుకుంటాం. నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని కాస్త సోంపు నమలండి. ఓ నిమిషం తర్వాత ముక్కు వదలండి, తెలుస్తుంది.

చూసినవీ, విన్నవీ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్లాలి. వాసనకు ఆ మజిలీ లేదు. ఇష్టాన్నీ భయాన్నీ చూసే అమిగ్డలాకూ, జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోకాంపస్‌కూ దగ్గరి దారిలో చేరిపోతుంది. అందుకే ట్రంకుపెట్టె తెరవగానే కలరా ఉండల వాసనకు అమ్మమ్మగారిల్లు కళ్లముందు నిలుస్తుంది. ఒకసారి తిని వాంతి చేసుకున్న పదార్థం వాసన తగిలితే ఏళ్ల తర్వాతైనా కడుపులో తిప్పుతుంది. (పిల్లలకు ఒంట్లో బాగాలేనప్పుడు "ఇంకొక్క ముద్ద" అని కుక్కకపోవడమే మంచిది.) వాసనలను పట్టే గ్రాహకాల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుగొన్నారు. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన ముక్కులో పనిచేసే గ్రాహకాలు దాదాపు 400 రకాలు.

వయసు మీదపడేకొద్దీ ఈ శక్తి తగ్గుతుంది. చూపు తగ్గితే కళ్లజోడు అడుగుతారు. వాసన మాత్రం మెల్లమెల్లగా పోతుంది కనక వాళ్లకే తెలియదు. "ఈ మధ్య ఏదీ సహించట్లేదు" అంటారు. మనమేమో వంకలు పెడుతున్నారనుకుంటాం. రుచి కోసం ఉప్పు పెంచుకుంటే బీపీ పెరుగుతుంది. తిండి తగ్గిస్తే మనిషి చిక్కిపోతారు. పాచిపోయిన పప్పును కూడా పసిగట్టలేరు. వంటగ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ వాసనే తెలియని పెద్దావిడ ఒక్కరే వంటింట్లో ఉంటే?

2020లో కోవిడ్ వచ్చాక చిన్నవయసు వాళ్లకూ ఈ బాధ తెలిసింది. చాలామందికి వాసన తిరిగొచ్చింది. కొందరికి వచ్చినా వికటించి, కాఫీ సైతం కుళ్లు కంపు కొట్టింది.

జలుబు తగ్గినా వారాల తరబడి వాసన తెలియకపోతే ఇ.ఎన్.టి. డాక్టరును కలవండి. ముక్కులో కండ పెరిగినా, సైనస్ ఉన్నా, తలకు దెబ్బ తగిలినా ఇలా కావచ్చు. పార్కిన్సన్ జబ్బులో చేతులు వణకడానికి కొన్నేళ్ల ముందే వాసన పోవడమూ ఉంది. అలాగని ముక్కు పనిచేయని వాళ్లందరికీ ఆ జబ్బేనని హడలిపోకండి.

ఇంట్లో చేసుకోగలిగే సాధన ఒకటుంది. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు పీల్పించింది. కొందరికి మెరుగుపడింది. అందరికీ కాదు సుమా! ఖర్చు లేని పని, ఓపిగ్గా చేయాలంతే.

పెద్దవాళ్ల కూరలో ఉప్పు పెంచే బదులు నిమ్మరసం, అల్లం, కొత్తిమీర ధారాళంగా వేయండి. రాత్రి పడుకోబోయే ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసే పని మాత్రం వాళ్లకు వదలకుండా మీరే చూసుకోండి.