ఫైబర్ తెప్ప, పొడుగు తోక

మనిషిని పలకల మీద నిలబెట్టి నీటిమీద లాక్కెళ్లే పాత స్కీ బోటునొకదాన్ని తెచ్చి, ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో అంతర్వేది దగ్గర వశిష్ఠలో దించామనుకోండి. ఎక్కువ కాలం నడవదు. చాలా స్కీ బోట్ల ఇంజన్లు బయటి నీటిని పీల్చుకుని చల్లబడతాయి. ఆ నీటిని తోడేది రబ్బరు రెక్కల చిన్న చక్రం. వరద గోదావరి మోసుకొచ్చే ఒండ్రు, ఇసుక ఆ రెక్కల్ని అరగదీస్తాయి. రెక్క అరిగితే నీరందదు, నీరందకపోతే ఇంజను పట్టేస్తుంది. తేటనీటి సరస్సుల్లో తిప్పేవాళ్లు కూడా ఆ చక్రాన్ని తరచూ మార్చుకోక తప్పదు. మన తీరంలో మాత్రం ఆ చక్రం అవసరమే లేని యంత్రం నిలదొక్కుకుంది. అదే ఫైబర్ తెప్ప మీది ఒంటి సిలిండరు డీజిలు ఇంజను. గాలితోనే చల్లబడుతుంది.

దీనికి పుట్టిల్లు ఒకటి కాదు. పడవ వెనక తగిలించే మోటారును ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే సంతతి అమెరికన్ 1909లో అమ్మకానికి పెట్టాడు. ఇలాంటి మోటార్లలో పళ్లచక్రాలు నీళ్లలోనే ఉంటాయి. వాటిని కాపాడేది ఒక రబ్బరు సీలు. అది పోతే నూనెలో నీరు కలిసి పాలలా తెల్లబడుతుంది. థాయ్‌లాండ్ కాలవల్లో వాడుకలోకొచ్చిన లాంగ్‌టెయిల్ ఆ పళ్లచక్రాల్నే తీసేసింది. ఇంజను పైనే ఉంటుంది, అక్కణ్ణుంచి పొడుగాటి షాఫ్టు ఏటవాలుగా నీళ్లలోకి దిగుతుంది, చివర ప్రొపెల్లరు. నది సముద్రంలో కలిసేచోట ఇసుకమేట తగిలితే పిడి నొక్కి తోక పైకెత్తేయొచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం కూడా ఈ చిక్కుతోనే తలపడింది. ఒడ్డుకి లాగే పడవల కోసం ఇంజను, షాఫ్టు కలిసి వంగే ఏర్పాటొకటి తయారుచేసింది.

ఇక ఒళ్లు. గాజుపీచు, పాలియెస్టర్ రెజిన్ కలిపి అమెరికాలో రే గ్రీన్ 1942లో చిన్న పడవ చేశాడు. మన తీరంలో దుంగలు కట్టిన తెప్పే చాలాకాలం రాజ్యమేలింది. దుంగలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి గనక ఒడ్డున ఎండబెట్టాల్సి వచ్చేది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఫైబర్ తెప్పలు ఊరూరా పెరిగాయి. పేరు పాతదే, దుంగ పోయింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. మరమ్మతులకి దొరికే తీరిక అదే. అయితే రెజిన్‌కి అది చెడ్డ కాలం. రెజిన్ గట్టిపడడమంటే ఆరడం కాదు, రసాయన చర్య జరగడం. ఆ చర్యే వేడిని పుట్టిస్తుంది, వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. రోహిణి ఎండలో డబ్బా నిండా కలిపితే బ్రష్షు ముంచేలోపే పొగలు కక్కి గడ్డకడుతుంది. అందుకే రెజిన్‌ని గట్టిపరిచే క్యాటలిస్టు తగ్గించి, కొంచెం కొంచెంగా కలుపుకుని, పొద్దున్నే నీడలో పని ముగించాలి. చర్యను వేగిరపరిచే కోబాల్ట్ యాక్సిలరేటరుని ముందుగా రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్టు వెయ్యాలి. ఆ రెండిటినీ నేరుగా కలిపితే పేలుతుంది. ఈ మాట డబ్బా మీద పెద్దక్షరాల తెలుగులో ఉండాలని నా పట్టు.

పాత ఫైబర్‌తో కొత్త పొర రసాయనికంగా ఏకం కాదు, జిగురులా అంటుకుంటుందంతే. కాబట్టి బలమంతా అంటుకున్న వైశాల్యానిదే. 5 మిల్లీమీటర్ల గోడకి చిల్లు పడితే దాని చుట్టూ 60 మిల్లీమీటర్లు, అంటే మందానికి పన్నెండు రెట్లు, గ్రైండరుతో ఏటవాలుగా అరగదీస్తారు. అంతకుముందే మంచినీళ్లతో ఉప్పు కడిగి బాగా ఆరనివ్వాలి. తెప్ప తేలడానికి లోపల థర్మోకోల్ కూరి ఉంటే ఇంకో తిరకాసు. రెజిన్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. పైకి నున్నగా కనబడే అతుకు కింద బోలు మిగులుతుంది. మధ్యలో ప్లాస్టిక్ కాగితం అడ్డుపెడితే సరి.

ఇంజను మొరాయిస్తే మెకానిక్ నోట మొదట వచ్చే మాట, “ఎయిర్ పట్టిందేమో చూడండి.” డీజిలు ఇంజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే చమురు అంటుకుంటుంది. పైపులో బుడగ ఉంటే పంపు ఒత్తిడంతా దాన్ని నొక్కడానికే సరిపోతుంది, నాజిల్ చిమ్మదు. స్పానరుతో ఆ పైపు నట్టు కాస్త వదులు చేసి, బుడగలు పోయి చమురు ధారగా వచ్చాక బిగిస్తే చాలు. పెద్ద ఖర్చూ లేదు, పట్నం ప్రయాణమూ లేదు. ఈ ఇంజను బతికి బట్టకట్టింది చేతికందే ఇలాంటి నట్ల వల్లేనని నేననుకుంటాను. మూత తీస్తే వైర్లూ సెన్సార్లే కనబడే కొత్త మోటార్లకి ఆ సుగుణం లేదు.

ఉప్పునీటిలో కంచు ప్రొపెల్లరు, ఉక్కు షాఫ్టు ఒకదానికొకటి తగిలి ఉంటే అదొక బ్యాటరీ. అందులో కరిగేది ఉక్కు. హంఫ్రీ డేవీ 1824లోనే దీనికి మందు చెప్పాడు, రాగి తొడుగేసిన ఓడలకి జింకు ముక్క తగిలిస్తే రాగికి బదులు జింకు కరుగుతుందని. ఈ తోకని వాడకం అయ్యాక నీళ్లలోంచి పైకెత్తి పెడితే జింకు లేకపోయినా నష్టం చాలావరకు తగ్గుతుంది.

చివరికి పాతసామాన్ల దుకాణంలో కంచుకీ, ఇనుముకీ బేరం కుదురుతుంది. రెజిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు గనక తెప్ప ఒంటిని మాత్రం తూకానికి ఎవరూ కొనరు.