మతగురువుల బ్రహ్మచర్యం: దైవాజ్ఞా? మానవ నియమమా?

శంషాబాద్ అనగానే మనకు విమానాశ్రయం గుర్తుకు వస్తుంది. హజ్, ఉమ్రా యాత్రికులను సాగనంపేది అక్కడి నుంచే. కేథలిక్ క్రైస్తవులకు కూడా ఈ ఊరు ముఖ్యమైనదే. 2017 అక్టోబర్ 10న పోప్ ఫ్రాన్సిస్ సీరో మలబార్ సంఘం కొరకు శంషాబాద్ మేత్రాసనాన్ని నెలకొల్పారు. దాని తొలి బిషప్ రాఫెల్ తట్టిల్ 2024 జనవరిలో ఆ సంఘానికంతటికీ అధిపతి అయ్యారు.

ఈ సంఘపు గురువులు నేడు అవివాహితులు. అయితే వీరి పూర్వికులైన కేరళ తోమా క్రైస్తవులలో గురువులు సంసారులుగా ఉండేవారు. 1599లో పోర్చుగీసువాడైన గోవా ఆర్చిబిషప్ మెనెజెస్ ఉదయంపేరూరులో సభ జరిపి, భార్యలను విడిచిపెట్టమని వారిని ఆదేశించారు. మరి ఈ నియమం రోముకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈసా (అలైహిస్సలాం) శిష్యుడైన పేతురుకు అత్తగారు ఉన్నట్లు క్రైస్తవుల సువార్తలే చెబుతున్నాయి. తొలి శతాబ్దాలలో వివాహితులైన గురువులు అనేకులు. సుమారు 305లో స్పెయిన్‌లోని ఎల్విరా సభ, గురువులు భార్యలతో సంసారం చేయరాదని తీర్మానించింది. 385లో పోప్ సిరీసియస్ అదే మాట లేఖలో రాశారు. ఆరాధన జరిపేవాడు దాంపత్యానికి దూరంగా ఉండాలన్న భావన దీని వెనుక ఉంది. అయితే తూర్పు సంఘాలు 691-92లో కాన్‌స్టాంటినోపుల్ సభలో వేరు దారి పట్టాయి. బిషప్‌కు బ్రహ్మచర్యం విధించి, సాధారణ గురువు అభిషేకానికి ముందు వివాహితుడైతే భార్యతోనే ఉండవచ్చన్నాయి.

పశ్చిమాన చర్చి ఆస్తులు గురువుల సంతానానికి వారసత్వంగా పోతాయన్న భయమూ తోడైంది. 11వ శతాబ్దంలో పోప్ ఏడవ గ్రెగరీ నియమాన్ని కఠినంగా అమలుపరచారు. 1139లో రెండవ లాటరన్ మహాసభ గురువుల వివాహాలు చెల్లనే చెల్లవని ప్రకటించింది. 1563లో ట్రెంట్ మహాసభ దానిని స్థిరపరచింది. అయినప్పటికీ బ్రహ్మచర్యం గురుత్వ స్వభావానికి తప్పనిసరి కాదని 1965లో రెండవ వాటికన్ మహాసభయే అంగీకరించింది. అంటే ఇది సంఘం చేసుకున్న నియమమని వారూ ఎరుగుదురు.

దివ్య ఖుర్ఆన్ (57:27) కూడా ఈ విషయాన్నే తెలుపుతుంది. సన్యాసాన్ని అల్లాహ్ విధించలేదు, ఆయన ప్రసన్నత కోరి వారే దానిని కల్పించుకున్నారు, కాని దాని హక్కును నెరవేర్చలేకపోయారు. అదే ఆయత్ వారిలోని విశ్వాసులకు ప్రతిఫలం లభించిందని కూడా చెబుతుంది. మరొకచోట (5:82) వారిలోని పండితుల, సన్యాసుల నిగర్వాన్ని ప్రశంసిస్తుంది. కనుక పొరుగువారి గురువులను ఎగతాళి చేయడం మనకు తగదు. భేదాన్ని చెప్పేటప్పుడు కూడా న్యాయం పాటించాలి.

మన మార్గం స్పష్టం. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) బ్రహ్మచర్యం కోరగా దైవప్రవక్త (సఅసం) అనుమతించలేదు. ఇక వివాహమాడనని నిశ్చయించుకున్న మరొకరికి, నికాహ్ తన సున్నత్ అని, దానికి విముఖుడైనవాడు తనవాడు కాడని తెలియజేశారు.

అయితే ఒక ప్రశ్న మనమూ వేసుకోవాలి. అవివాహితులకు వివాహాలు జరిపించమని ఖుర్ఆన్ (24:32) సమాజాన్నే ఆదేశించింది. పేదవారైతే అల్లాహ్ తన అనుగ్రహంతో వారిని సంపన్నులను చేస్తాడని భరోసా ఇచ్చింది. మన ఇళ్ళలో ఏమి జరుగుతోంది? జోడేకీ రకం, జహేజ్, ఫంక్షన్ హాలు, వందల మందికి విందు. ఇవేవీ షరీఅత్ విధించినవి కావు. వరుడు మహర్ ఇవ్వవలసిన నికాహ్‌లో వధువు తండ్రి అప్పులపాలవుతున్నాడు. ఆ అప్పు పుట్టని ఇంట ఆడపిల్ల ముప్పై దాటినా అవివాహితగా మిగులుతోంది.

వారి గురువు దైవప్రసన్నత కోరి తానుగా ఆ వ్రతం స్వీకరించాడు. మన బిడ్డపై దానిని మన ఆచారాలు బలవంతంగా మోపుతున్నాయి. అల్లాహ్ విధించని భారాన్ని ఇతరులలో చూడగల కన్ను మన ముంగిట ఉన్న భారాన్ని కూడా చూడాలి. ఈ ఏడాది కుమారునికి నికాహ్ తలపెట్టిన ప్రతి తండ్రి, ప్రతి తల్లి అడగకుండా, ఆశించకుండా, మస్జిదులో సాదాగా దానిని జరిపించాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.