చొక్కా జేబులో సర్పంచ్ సంతకం

మా పెద్ద తోడికోడలి నడుముకి ఎప్పుడూ ఓ తాళాలగుత్తి వేళ్ళాడుతుంటుంది. బీరువా, ధాన్యం గది, చివరికి పచ్చళ్ళ అలమారా తాళం కూడా అందులోనే. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ గుత్తి చప్పుడు వినే అక్క ఏ గదిలో ఉందో చెప్పేసేదాన్ని. అలాంటి మనిషి సంతకం మాత్రం మూడేళ్ళపాటు మా బావగారి చొక్కా జేబులో ఉండిపోయింది.

ఇదేం విడ్డూరం అంటారా? చెప్తాను.

మా అత్తగారి ఊరు ప్రకాశం జిల్లాలో ఓ చిన్న పంచాయతీ. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వయింది. తనే నిలబడదామని బావగారు అప్పటికే రెండు జతల తెల్లచొక్కాలు కుట్టించుకున్నారు. వేరే దారి లేక అక్క చేత నామినేషన్ వేయించారు. గెలిచింది. అయినా ఊళ్ళో ‘సర్పంచ్ గారు’ అంటే బావగారే. ఆ తెల్లచొక్కాలూ వృథా పోలేదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకిచ్చింది, తర్వాత మన రాష్ట్రంలో అది సగమైంది. ఆ సగంలో మా అక్కా ఒకతె, కాగితం మీద.

ఇప్పుడు పంచాయతీల్లో చెక్కులు పోయాయి. కార్యదర్శిదొకటి, సర్పంచ్‌దొకటి, రెండు డిజిటల్ సంతకాలూ కంప్యూటర్లో పడితేనే బిల్లు కదులుతుంది. ఆ సంతకం చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. ‘కీ’ అంటారు. అదే బావగారి జేబులో ఉన్నది.

2024 మే నెలలో పిల్లల సెలవులకని గుంటూరు నుంచి వెళ్ళాను. అదే అదునన్నట్టు మంచినీళ్ళ బోరు మోటారు కాలిపోయింది. 13న పోలింగు. బావగారు ఒంగోల్లో పార్టీ పనుల్లో మునిగి ఉన్నారు. మెకానిక్ వచ్చాడు గాని పాత బిల్లు ఇస్తే తప్ప పైపులు పీకనన్నాడు. ఆ బిల్లు కార్యదర్శి రెండు నెలల కిందటే పెట్టిందట. ఆగింది సర్పంచ్ సంతకం దగ్గర! అంటే మా అక్క దగ్గర. ఆవిడకా సంగతే తెలీదు.

మూడోనాడు తెల్లారేసరికి వాకిట్లో పాతికమంది ఆడవాళ్ళు, ఖాళీ బిందెలతో. కాలనీ నుంచి వచ్చిన ఓ పెద్దావిడ బిందె కింద పెట్టి, “సర్పంచ్‌వి నువ్వా, మీ ఆయనా? ఎవర్ని తిట్టాలో చెప్పమ్మా, వాళ్ళనే తిట్టిపోతా” అంది. కొందరు నవ్వారు. అక్క నవ్వలేదు. లోపలికొచ్చి నాతో, “చూశావా చెల్లీ, తిట్టించుకోడానికి కూడా పనికిరాకుండా ఉండా” అంది.

ఆ పూటకి పక్క ఊరి నుంచి ట్యాంకరు తెప్పించింది. తన చేతి డబ్బు కొంత ఇచ్చి మెకానిక్‌ని ఒప్పించింది. బావగారు ఇంటికొచ్చిన మర్నాడు, ఉతకడానికి తీసిన చొక్కా జేబులోంచి కీ తీసుకుంది. మళ్ళీ పెట్టలేదు. ఆయన అడిగితే, “నా పేరు మీదిదే గదా, నా దగ్గరే ఉండనీయండి” అంది, అన్నం వడ్డిస్తూనే. నెల్లాళ్ళపాటు ఆ ఇంట్లో ‘ఉప్పు’, ‘మజ్జిగ’ తప్ప వేరే మాట వినబడలేదు.

ఆ సెలవుల్లోనే మేమిద్దరం పంచాయతీ లెక్కల ముందు కూర్చున్నాం. కార్యదర్శి పాతికేళ్ళ అమ్మాయి. సర్పంచే వచ్చి అడిగేసరికి, పాపం, మొహం వెలిగిపోయింది ఆ పిల్లకి. వీధిలైట్లు, క్లోరిన్, దోమల మందు, చెత్త బండి, ట్యాంకు కడిగించడం... ఏడాది పొడుగునా ఇవే పద్దులు. చేస్తే ఎవరికీ కనబడవు, ఒక్కపూట ఆగితే ఊరంతా వాకిట్లో ఉంటుంది. నాకెందుకో మన వంటిల్లే గుర్తొచ్చింది. డబ్బు సంగతీ అంతే. 15వ ఆర్థికసంఘం నిధుల్లో నూటికి 60 రూపాయలు ముందే గీత గీసి ఉంచినవి: 30 తాగునీటికి, 30 పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 మాత్రమే ఊరి అవసరాన్నిబట్టి, అవీ జీతాలకు వాడకూడదు. పాలకీ ఫీజులకీ విడిగా కట్టిపెట్టిన నోట్లలాగా అన్నమాట. “ఇదంతా ఆయన ఎప్పుడూ చెప్పలా” అంది అక్క. ఆయనకీ తెలుసో లేదో అని నా అనుమానం.

ఇంకో తమాషా కూడా అప్పుడే తెలిసింది. 5 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలకు స్వాతంత్ర్య దినోత్సవం ఖర్చుకి కేటాయింపు ఎంతో తెలుసా? 100 రూపాయలు! మన ఇళ్ళల్లో నలుగురికి టిఫినుకి చాలవు. 2024 ఆగస్టులో దాన్ని 10 వేలు చేశారు. ఆ ఏడాది జెండా పండక్కి మా ఊరి బడిపిల్లలందరికీ లడ్డూ అందింది. జెండా ఎగరేసింది కూడా అక్కే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. శ్రావణ శుక్రవారం. వారం ముందే వరలక్ష్మీ వ్రతానికి వెళ్ళొచ్చినదాన్ని, ఈ సభ కోసం పనిగట్టుకుని మళ్ళీ వెళ్ళాను. పసుపు కాళ్ళతోనే ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. ఉపాధిహామీ పనుల జాబితా చదవడం మొదలైంది. సిమెంటు రోడ్డు మా వీధికే ముందు వెయ్యాలని మగవాళ్ళు పట్టుబట్టారు. వాళ్ళ మధ్యే బావగారూ. కాలనీలో మురుగు ఇళ్ళ ముందే నిలిచిపోతోంది, కుళాయి చివరింటిదాకా నీళ్ళు ఎక్కవు. అక్క లేచింది. చేతిలో కాగితం వణకడం వెనక వరసలో ఉన్న నాకే కనబడింది. “రోడ్డు రాసుకోండి. కానీ మురుక్కాలవకీ పైపుకీ ఈ జాబితాలో రాకపోయినా పంచాయతీ డబ్బుంది. ఆ రెండింటికీ అవి పోయాకే మిగతాది” అంది. ఆ 30, 30 లెక్క వేళ్ళమీద చెప్పింది. కాలనీ పెద్దావిడ మాత్రం, “అయితే ఇక తిట్టేది నిన్నే” అంది గట్టిగా. సభంతా గొల్లుమంది. ఈసారి అక్కా నవ్వింది.

అన్నీ అనుకున్నట్టు జరిగాయని అబద్ధం చెప్పను. అక్టోబరులో ‘పల్లె పండుగ’ అని రాష్ట్రమంతా పనులకు శంకుస్థాపనలు జరిగినప్పుడు మా వీధి రోడ్డే ముందొచ్చింది. పైపు సంక్రాంతికి ముందు పూర్తయింది. మురుక్కాలవ మాత్రం సగం దాకా వచ్చి ఆగింది, కాంట్రాక్టరుకి బిల్లు రాలేదని. ఆ సగం దగ్గర నిలిచే నీళ్ళకి దోమలు మునుపటికంటే ఎక్కువయ్యాయి. పెద్దావిడ అన్నమాట ప్రకారం వచ్చి తిట్టి వెళ్ళిందట. అక్క ఆవిడకి కాఫీ ఇచ్చి, బిల్లు ఎక్కడ ఆగిందో కార్యదర్శి చేత ఫోన్లో చూపించిందట.

ఇంటి పన్ను వసూలుకి మార్చిలో అక్కే గడప గడపకీ తిరిగింది. మొండి బాకీలవాళ్ళ దగ్గరికి మాత్రం బావగారిని వెంటబెట్టుకెళ్ళింది. ఆయన వెళ్ళారు కూడా! రసీదు పుస్తకం పట్టుకుని అక్క వెనకాల నడిచే బావగారిని నేను చూడలేకపోయానే అని ఇప్పటికీ బాధే.

2025 మార్చి 31న, ఆర్థిక సంవత్సరం ఆఖరిరోజు కదా, ఎంత వసూలైందో అడుగుదామని ఫోన్ చేశాను. తాళాలగుత్తి చప్పుడు, దాని వెనక ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు.

“ట్యాంకు కడిగిస్తా ఉండా చెల్లీ. రేపు చెయ్” అని పెట్టేసింది.