కల్లు రుచి చెట్టు కిందే

నల్గొండ: తాటికల్లు రుచి చెట్టునుబట్టి, వేళనుబట్టి మారుతుంది. పోతుతాడు, పరుపుతాడు వేర్వేరు కాలాల్లో కల్లునిస్తాయి. తెల్లవారుజామున దించిన లొట్టి తియ్యన. పొద్దెక్కేకొద్దీ ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మార్చడంతో పులిసి, సాయంత్రానికి ఘాటవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియక నీరాగా నిలుస్తుంది. కనుక కొనదలచినవారు ఉదయాన్నే తాటివనానికి వెళ్లి, గీత కార్మికుడు కళ్లెదుట దించినదే తీసుకోవడం మేలు. చెట్లే లేని పట్టణంలో ఏడాది పొడవునా ఒకే రుచితో దొరికే కల్లును అనుమానించక తప్పదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు, తీపికి శాకరిన్ కలిపిన ఉదంతాలున్నాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినా వణుకు, మూర్ఛ రావచ్చు. అటువంటివారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.